నాలుగు సెకన్ల జాయింటు... లక్షన్నర మిషన్!

మా అక్కన్నపేటలో ప్లంబర్ సంచి విప్పితే ఏముంటాయో మీరూ ఊహించగలరు. ఆక్సా బ్లేడు, పైపు పానా, టెఫ్లాన్ టేపు, సొల్యూషన్ డబ్బా, ఓ సుత్తి, ఓ ఉలి. కాస్త పాతకాలం మేస్త్రీ అయితే నార, సఫేదా కూడా. మొత్తం కలిపినా నాలుగైదు వేలు దాటదు. అలాంటి సంచిలోకి లక్షన్నర రూపాయల మిషన్ ఒకటి తెచ్చుకుంటానని మా అన్న అన్నాడు. మా పెద్దబాపు కొడుకు. ఏడేండ్లు ఖతర్‌లో పైపులు బిగించి వచ్చినవాడు. 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం దోహాలో లేచిన హోటళ్లలో ఆయన చేతి జాయింట్లు కూడా ఉన్నాయి.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. చదివింది ఇంజినీరింగే కానీ పైపులకూ నాకూ సంబంధం లేదు. అయినా ఊళ్లో లెక్క ఒకటే. కంప్యూటర్ చదివినోనికి మిషన్లన్నీ తెలుస్తయి! అన్న ఫోన్ చేసి, ‘‘తమ్మీ, పవర్ ప్రెస్ మిషన్ తీసుకుందామనుకుంటున్న. నూటికి రెండు రూపాయల మిత్తికి పైసలు ఇస్తమన్నరు. ఏది మంచిదో జర నెట్‌ల చూసి చెప్పు’’ అన్నాడు. మిషన్ సంగతి తర్వాత, నాకు ముందు వినపడింది మిత్తి. లక్షన్నరకు నెలకు మూడు వేలు. అసలు కదలకుండా మూడు వేలు! అందుకే ‘ఏది మంచిది’ అని కాకుండా ‘అసలు నీకు ఏది కావాలి’ అనే దగ్గర మొదలుపెట్టాం. ఆ వెతుకులాటలో తెలిసినవే ఇవి. ఇదే పనిలో ఉన్నవాళ్లు మీ ఇంట్లోనూ ఉండొచ్చు.

అసలు ఏం చేస్తుందీ మిషన్?

మనిండ్లల్లో ఇప్పుడు నడుస్తున్నది సీపీవీసీ. పైపుకు సొల్యూషన్ పూసి ఫిట్టింగ్‌లో దోపితే అతుక్కుంటుంది. అంతకుముందు జీఐ పైపు. డైతో మరలు కోసి, నార చుట్టి, పానాతో బిగించేవాళ్లు. చేతులు పడిపోయే పని. రాగి పైపు అయితే మంట పెట్టి సోల్డరింగ్ చేయాలి.

ప్రెస్ పద్ధతిలో ఇవేవీ ఉండవు. ఫిట్టింగ్ మూతి దగ్గర ఉబ్బెత్తుగా ఓ గూడు ఉంటుంది. అందులో నల్లటి రబ్బరు ఉంగరం. స్టీలు పైపునో రాగి పైపునో లోపలికి దోపి, ఆ గూడు మీద మిషన్ దవడలు పెట్టి మీట నొక్కితే... నాలుగు నుంచి ఏడు సెకన్లలో ఫిట్టింగ్, పైపు రెండూ కలిసి నొక్కుకుపోతాయి. రబ్బరు ఉంగరం నీళ్లను ఆపుతుంది, నొక్కుడు పడిన లోహం పైపును ఊడకుండా పట్టుకుంటుంది. మంట లేదు, పొగ లేదు, ఆరేదాకా ఆగే పని లేదు. వెంటనే నీళ్లు వదిలి పరీక్షించుకోవచ్చు.

ఈ పద్ధతి యూరప్‌లో పెరిగింది. 1899లో జర్మనీలో మొదలైన వీగా కంపెనీ 1995లో రాగి పైపులకు ప్రొఫిప్రెస్ పేరుతో ప్రెస్ ఫిట్టింగులు తెచ్చాక బాగా పాకింది. స్టీలు పైపుల్లో మాప్రెస్ పేరు గట్టిది, అది ఇప్పుడు గెబెరిట్ చేతిలో ఉంది. మిషన్లు చేసేవాళ్లు వేరే: నోవోప్రెస్, రెమ్స్, రోథెన్‌బర్గర్, క్లౌకే, అమెరికా నుంచి రిడ్జిడ్, మిల్వాకీ. రిడ్జిడ్ అంటే గుర్తుపట్టారా? ప్లంబర్ల దగ్గర కనిపించే ఎర్ర పానా వాళ్లదే. 1923లో ఆ పానాతోనే కంపెనీ మొదలైంది. మన బజార్లో దొరికే ఎర్ర పానాలన్నీ వాళ్లవి కావనుకోండి, అది వేరే సంగతి.

మిషన్ లోపల పెద్ద మాయేమీ లేదు. బ్యాటరీతో మోటారు తిరుగుతుంది, మోటారు చిన్న ఆయిల్ పంపును నడుపుతుంది, ఆయిల్ ఒత్తిడికి పిస్టన్ ముందుకొస్తుంది, పిస్టన్ చివర ఉన్న రోలర్లు దవడల వెనక భాగాన్ని విడదీస్తే ముందు భాగం మూసుకుంటుంది. ఒత్తిడి నిర్ణయించిన చోటికి చేరగానే వాల్వు తెరుచుకొని పిస్టన్ తనంతట తాను వెనక్కి పోతుంది. జేసీబీ బకెట్‌ను లేపేదీ ఇదే సూత్రం.

ఎనభై వడ్ల బస్తాలు

మార్కెట్‌లో మిషన్లు ప్రధానంగా రెండు తరగతులు. పెద్దవి 32 కిలోన్యూటన్ల బలం ఉన్నవి. చిన్నవి 19 నుంచి 24 కిలోన్యూటన్లవి. ఈ కిలోన్యూటన్ల భాష అన్నకు ఎక్కలేదు. అందుకే వడ్ల లెక్కలో చెప్పాను. 32 కిలోన్యూటన్లంటే సుమారు 3,260 కిలోల బరువు. ఐకేపీ సెంటర్లో నింపే 40 కిలోల బస్తాలు ఎనభైకి పైన. 19 అంటే నలభై ఎనిమిది బస్తాలు.

‘‘అయితే ఎనభై బస్తాలదే తీసుకుందాం’’ అన్నాడు అన్న, ఆలోచించకుండా. అందరూ అదే అంటారు. ఎక్కువ బలం ఉన్నదే మంచిదనిపిస్తుంది కదా! కానీ ఆ బలం దేనికో చూడాలి. పెద్ద మిషన్ దవడలతో 54 మిల్లీమీటర్ల లోహపు పైపు దాకా నొక్కుతుంది, గొలుసులాంటి రింగులు తగిలిస్తే కొన్ని మోడళ్లు 108 దాకా పోతాయి. చిన్న మిషన్ లోహంలో మోడల్‌ను బట్టి 28 లేదా 35 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. మరి బాత్రూంలోకి, వంటింట్లోకి పోయే లైన్లు ఎంత? 15, 22, మహా అయితే 28. అంతకంటే లావువన్నీ షాఫ్ట్‌లో నిలువుగా పోయే మెయిన్ లైన్లు, మోటారు గది లైన్లు. ఆ పని చేసేది ఎవరు? పెద్ద కాంట్రాక్టర్లు. వాళ్ల దగ్గర పెద్ద మిషన్ ఉండనే ఉంటుంది.

ఇంకోటి బరువు. పెద్దది బ్యాటరీ, దవడలతో కలిపితే నాలుగైదు కిలోల దాకా వస్తుంది. చిన్నది అందులో సగానికి కాస్త అటూ ఇటూ. నిచ్చెన మీద నిలబడి, తల మీదికి చేతులెత్తి రోజుకు వంద జాయింట్లు నొక్కేవాడికి ఈ తేడా సాయంత్రం భుజంలో తెలుస్తుంది. పైగా మన అపార్ట్‌మెంట్లలో షాఫ్టులు ఎంత ఇరుకో చూశారుగా. మనిషే పక్కకు తిరిగి దూరాలి. అక్కడ మిషన్ తల గుండ్రంగా తిరిగేది కాకపోతే దవడ జాయింటు మీద నిటారుగా కూర్చోదు. వంకరగా నొక్కిన జాయింటు ఈ రోజు కారకపోయినా ఓ రోజు కారుతుంది.

దోహాలో అన్న వాడింది పెద్దదే. ‘‘స్టోర్‌ల సంతకం పెట్టి తీసుకునేది, సాయంత్రం మళ్ల అప్పజెప్పేది. పగిలినా చెడినా కంపెనీదే’’ అన్నాడు. అదే అసలు తేడా. అక్కడ మిషన్ కంపెనీది, ఇక్కడ మిషన్ మిత్తితో సహా ఆయనది.

దవడ కుదరకపోతే అంతే సంగతి

మిషన్ మీద అందరూ గంటలకొద్దీ మాట్లాడతారు. దవడల గురించి అడగరు. నాకైతే కొనుగోలులో అసలు కిటుకు ఇక్కడే ఉందనిపించింది. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే మిషన్ ఫోన్ అయితే దవడ ఛార్జర్ పిన్ను. ఫోన్ ఎంత ఖరీదైనదైనా పిన్ను కుదరకపోతే ఛార్జింగ్ ఎక్కదు.

ప్రెస్ ఫిట్టింగులకు ప్రొఫైల్ అని ఉంటుంది. అంటే నొక్కుడు పడే ఆకారం. స్టెయిన్‌లెస్ స్టీలులో ఎక్కువగా కనిపించేవి రెండు: ఎం, వీ. ఎం రకంలో రబ్బరు గూడు మీదా, దాని పక్కన ఒక చోటా నొక్కుడు పడుతుంది. వీ రకంలో గూడుకు అటూ ఇటూ రెండు చోట్ల పడుతుంది. ఎం ఫిట్టింగ్‌ను వీ దవడతో నొక్కితే చూడ్డానికి బాగానే నొక్కుకున్నట్టు ఉంటుంది. నీళ్లు కూడా ఆగొచ్చు. కానీ ఆ జాయింటుకు కంపెనీ గ్యారంటీ ఉండదు, ఉండకూడదు కూడా. గోడ మూసి టైల్స్ వేశాక అది కారితే ప్లంబర్‌కు వచ్చే కూలి కంటే టైల్స్ ఖర్చే ఎక్కువ.

ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు కలిపిన కాంపోజిట్ పైపులకు ఇంకో గోల. వాటి దవడలు టీహెచ్, యూ, హెచ్ అంటూ వేరే. మన దేశంలో ఈ పైపులకు ఐఎస్ 15450 ప్రమాణం ఉంది. దుకాణాల్లో వీటిని 1216, 1620, 2025 అనే అంకెలతో పిలుస్తారు. మొదటి రెండు అంకెలు లోపలి వ్యాసం, చివరి రెండూ బయటి వ్యాసం. అంటే 2025 పైపు బయట 25 మిల్లీమీటర్లు. యూరప్ నుంచి వచ్చే చాలా దవడల సెట్లలో 20 తర్వాత 26 ఉంటుంది, 25 ఉండదు. ఒక్క మిల్లీమీటరే కదా అనుకుంటే ఆ ఒక్క మిల్లీమీటరే కారుతుంది. ఆన్‌లైన్‌లో పెట్టెడు దవడలతో సెట్టు చౌకగా కనబడగానే అన్న మురిసిపోయాడు. పెట్టెలో ఉన్న సైజులు ఒక్కొక్కటీ రాసి చూస్తే ఆయన పనికి వచ్చేవి రెండే.

అందుకే మేము మిషన్ కంటే ముందు కాంట్రాక్టర్ దగ్గరికి వెళ్లాం. అన్నకు పని ఇస్తానన్న మనిషి హైదరాబాద్‌లో ఆసుపత్రులు, హోటళ్ల ప్లంబింగ్ పనులు పట్టుకుంటాడు. ఆయన్ను ఒక్కటే అడిగాం. మీ సైట్లలో ఏ కంపెనీ ఫిట్టింగులు వాడుతున్నారు, ఏ ప్రొఫైల్? ఎం అన్నాడు. 15, 22, 28 ఎక్కువ, 35 అప్పుడప్పుడు. 42, 54 తన మనుషులే నొక్కుతారట. ఈ ఒక్క సంభాషణతో మా జాబితా సగానికి సగం తగ్గింది.

రాణిగంజ్‌లో ఒక పూట

మిషన్‌ను ఫొటోలో చూసి కొనకూడదని నా పట్టుదల. సికింద్రాబాద్ రాణిగంజ్‌కు పోయాం. పైపులు, మోటార్లు, పానాల వాసన వచ్చే ఆ గల్లీల్లో అన్నకు నాకంటే హుషారొచ్చింది. మూడు రకాలు చేత్తో పట్టి చూశాం. పేరున్న కంపెనీ పెద్ద మిషన్, దవడలతో కలిపి చెప్పిన ధర రెండు లక్షలు దాటింది. పేరున్నదే చిన్నది, మూడు దవడలతో లక్షా పాతిక వేల చిల్లర. మూడోది పేరు చెప్పుకోలేని పెట్టెలో వచ్చిన దిగుమతి సరుకు, నలభై వేల లోపు. అన్నీ మాకిచ్చిన కొటేషన్లే. మీరు వెళ్లేసరికి మారతాయి. దీని మీద 18 శాతం జీఎస్టీ కూడా ఉంటుందని గుర్తుపెట్టుకోండి. సేవల వ్యాపారంలో ఏడాదికి 20 లక్షలు దాటని చిన్న పనివాడు జీఎస్టీలో నమోదై ఉండడు కాబట్టి ఆ పన్ను తిరిగి రాదు. ధరలో భాగమే.

నలభై వేలది ఎందుకు వద్దన్నామో చెప్పాలి. చైనాదని కాదు. చైనాలో మంచి మిషన్లూ తయారవుతాయి, నేను వాడే ల్యాప్‌టాప్ అక్కడిదే. 22 మిల్లీమీటర్ల స్టీలు ముక్క, ఫిట్టింగ్ మాతో తీసుకుపోయాం. రెండు మిషన్లతో రెండు జాయింట్లు నొక్కి, వెర్నియర్‌తో కొలిచాం. పేరున్న మిషన్‌ది చుట్టూ ఎక్కడ కొలిచినా ఒకటే. చౌక మిషన్ జాయింటులో ఒక వైపు దవడ చివర్లు పూర్తిగా కలవలేదు, వెంట్రుక పట్టేంత సందు. అంతకంటే పెద్ద లోపం ఇంకోటి ఉంది. సగం నొక్కి మీట వదిలితే దవడ తెరుచుకుంది. మంచి మిషన్లలో దవడ ఒక దశ దాటాక మీట వదిలినా నొక్కుడు పూర్తయ్యాకే వదులుతుంది. ప్రమాదం అయితే ఆపడానికి వేరే మీట ఉంటుంది. రోజంతా నొక్కి అలిసిపోయిన చెయ్యి సాయంత్రం ఆరింటికి సగంలోనే మీట వదిలేస్తే? ఆ సగం జాయింటు ఏదో ఎవరికీ తెలియదు. గోడ లోపలికి పోతుంది.

కొన్ని ఫిట్టింగ్ కంపెనీలు దీనికీ ఉపాయం చేశాయి. నొక్కడం మరిచిపోయిన జాయింటు పరీక్షలో నీళ్లు కార్చేలా గూట్లో చిన్న దారి వదులుతారు. మరిచిపోతే వెంటనే దొరికిపోతారు. ఇది మొత్తానికే మరిచిపోయిన జాయింటుకు పనికొస్తుంది కానీ సగం నొక్కినదానికి భరోసా కాదు.

దుకాణంలో ఇంకో రెండు ప్రశ్నలు అడిగాను. మొదటిది, సర్వీస్ ఎక్కడ? ఈ మిషన్లు ఎన్ని జాయింట్లు నొక్కాయో తమలో తామే లెక్కపెట్టుకుంటాయి. మోడల్‌ను బట్టి కొన్ని వేల నొక్కుళ్ల తర్వాత లైటు వెలిగి సర్వీస్ అడుగుతాయి, ఇంకా పట్టించుకోకపోతే కొన్ని మొరాయిస్తాయి. ఆయిల్ సీళ్లు మార్చి ఒత్తిడి సరిచూడాలి. ఒక దుకాణదారు సర్వీస్‌కు వేరే రాష్ట్రం పంపాలన్నాడు, నెల పట్టొచ్చట. నెల రోజులు మిషన్ లేకపోతే మిత్తి ఆగదు కదా! ఆయన నిజం చెప్పినందుకు సంతోషం. రెండోది, బ్యాటరీ విడిగా దొరుకుతుందా, ఎంత? మన ఏప్రిల్, మే ఎండల్లో టెర్రస్ మీద పెట్టిన లిథియం బ్యాటరీ వేడెక్కితే ఛార్జర్ దాన్ని తీసుకోదు, చల్లారేదాకా ఆగుతుంది. రెండు బ్యాటరీలు ఉండాల్సిందే.

పాత మిషన్ కొనుక్కోవచ్చు కదా అంటారా? మేమూ చూశాం. పాత బండి కొనేటప్పుడు మీటరు చూసినట్టే ఇక్కడా నొక్కుళ్ల లెక్క చూడాలి. మేం చూసిన ఒకదాని లెక్క చూపించడానికి అమ్మేవాడు ఇష్టపడలేదు. దండం పెట్టి వచ్చేశాం.

ఊళ్లో పని దొరుకుతుందా?

అన్న ఆశ ఇంకోటి కూడా ఉండె. హైదరాబాద్ పని లేనప్పుడు అక్కన్నపేటలో, హుస్నాబాద్‌లో ఇదే మిషన్‌తో ఇండ్ల పనులు చేయొచ్చని. మా ఊరు 2016లో మండలమైంది, కరీంనగర్ నుంచి సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. గౌరవెల్లి రిజర్వాయర్ మా మండలంలోదే. కొత్త స్లాబులు పడుతూనే ఉన్నాయి. కాబట్టి పని ఉంటుందని ఆయన లెక్క.

పని ఉంటుంది, కానీ ఈ మిషన్‌కు కాదు. నేను ఇది గట్టిగానే చెప్పాను. ఇండ్లల్లోకి వచ్చే మిషన్ భగీరథ నీళ్లనే తీసుకోండి. ఆ పథకం 2016 ఆగస్టు 7న మా జిల్లాలోనే, గజ్వేల్ దగ్గర కోమటిబండలో మొదలైంది. ఊరి వీధుల్లో వేసింది ఎక్కువగా హెచ్‌డీపీఈ నల్ల పైపు. దాన్ని వేడిచేసి అతికించాలి, లేదంటే కంప్రెషన్ ఫిట్టింగ్ బిగించాలి. ప్రెస్ మిషన్‌తో పని లేదు. ఇంట్లో సీపీవీసీ, యూపీవీసీ. మన సూర్యాపేట సుధాకర్ పైపుల నుంచి పెద్ద కంపెనీల దాకా ఏ దుకాణంలో చూసినా అవే. సీపీవీసీకి ఐఎస్ 15778 ప్రమాణం ఉంది. ఆ గుర్తు చూసి కొని, సరిగ్గా అతికిస్తే వేడినీళ్లకూ ఆగుతుంది. ఒక ఎల్బో పదుల రూపాయల్లో వస్తుంది. అదే స్టీలు ప్రెస్ ఎల్బో వందల్లో. రెండు బెడ్రూముల ఇల్లు కట్టుకునే రైతు ఎందుకు పెడతాడు? పెట్టాల్సిన అవసరమూ లేదు.

స్టీలు ప్రెస్ పైపు తన ధరను సంపాదించుకునేది వేరే చోట. ఆసుపత్రిలో మూడో అంతస్తు నడుస్తుండగా నాలుగో అంతస్తులో లైను మార్చాలి, నీళ్లు రెండు గంటల కంటే ఎక్కువ ఆపలేరు. అక్కడ సొల్యూషన్ ఆరేదాకా ఆగడం కుదరదు, మంట పెట్టనివ్వరు. హోటల్ అంతే. అక్కడ వేగానికి డబ్బిస్తారు.

ఇంకో చిక్కుంది, మన బోరు నీళ్లు. స్టెయిన్‌లెస్ అంటే ఎప్పటికీ తుప్పు పట్టదని కాదు. నీళ్లలో క్లోరైడ్ ఎక్కువైతే స్టీలుకు కూడా చుక్కలు చుక్కలుగా తూట్లు పడతాయి. 316 రకం స్టీలుకు కూడా పెద్ద తయారీదారులు లీటరుకు 250 మిల్లీగ్రాముల క్లోరైడ్ దాటొద్దంటారు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో కూడా మామూలు హద్దు 250 మిల్లీగ్రాములే. వేరే నీళ్లు దొరకని చోట 1000 దాకా అనుమతిస్తారు. అంటే తాగడానికి సరేనన్న నీళ్లు కూడా స్టీలు పైపుకు పడకపోవచ్చు! బోరు నీళ్ల ఇంట్లో స్టీలు లైను అడిగితే మొదట నీళ్ల పరీక్ష రిపోర్టు అడగమని అన్నకు చెప్పాను.

‘‘గట్లయితే ఊళ్లె సొల్యూషనే, పట్నంల ప్రెస్సు’’ అన్నాడు. సరిగ్గా అంతే.

పైసల లెక్క

ఇక అప్పు. చేతివృత్తుల వాళ్లకు 2023 సెప్టెంబర్ 17న పీఎం విశ్వకర్మ పథకం వచ్చింది. 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల దాకా ఇస్తారు. వదిన ఆశగా అడిగింది. 18 వృత్తుల జాబితా తీసి చూశాం. వడ్రంగి ఉన్నాడు, తాపీ మేస్త్రీ ఉన్నాడు, తాళాలు చేసేవాడు ఉన్నాడు. ప్లంబర్ లేడు. ఇంటింటికీ నల్లా అంటున్న కాలంలో నల్లా బిగించేవాడు జాబితాలో లేకపోవడం నాకు వింతే అనిపించింది.

మిగిలింది ముద్ర. అందులో 50 వేల దాకా శిశు, ఆ పైన 5 లక్షల దాకా కిశోర్. తాకట్టు అక్కర్లేదు. కిశోర్‌కు దరఖాస్తు పెడితే హుస్నాబాద్ బ్యాంకులో కొటేషన్, పని ఇస్తానన్న కాంట్రాక్టర్ ఉత్తరం, దోహా కంపెనీ అనుభవ పత్రం అడిగారు. మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. అయినా ఏడాదికి 24 శాతం పడే రెండు రూపాయల మిత్తితో పోలిస్తే బ్యాంకు వడ్డీ సగం దగ్గర ఆగింది.

నేను వేసిన లెక్క ఇది. జాయింటుకు అన్ని ఖర్చులు పోను 50 రూపాయలు మిగులుతుందనుకుందాం. లక్షన్నర మీద బయటి మిత్తి మూడు వేలు కట్టాలంటే నెలకు 60 జాయింట్లు ఊరికే పోతాయి. ఒక మంచి సైటులో అది ఒక రోజు పని కూడా కాదు. వినడానికి బాగుంది. కానీ రెండు నెలలు సైటు లేకపోతే? అందుకే కొనే ముందు రెండు నెలలు కాంట్రాక్టర్ మిషన్‌నే రోజు అద్దెకు తీసుకొని పని చేయమన్నాను. అన్న మొదట ఒప్పుకోలేదు. ‘‘కిరాయి మిషన్‌తోని ఇజ్జత్ ఏముంటది తమ్మీ?’’ అన్నాడు. ఇజ్జత్‌కు మిత్తి ఎవరు కడతారని వదిన అనేసరికి ఒప్పుకున్నాడు.

ఆ రెండు నెలలూ రోజూ ఎన్ని జాయింట్లు, ఏ సైజు అన్నది వదిన ఒక నోటుబుక్కులో రాసింది. నేను కష్టపడి చేసిన ఎక్సెల్ షీటు కంటే ఆ నోటుబుక్కే పనికొచ్చింది. మొత్తం 870 జాయింట్లు. అందులో 22 సైజువి సగానికి పైగా, 15, 28 కలిపి మిగతా చాలావరకు. 35వి పంతొమ్మిదే. 42, 54 ఒక్కటి కూడా లేదు. పెద్ద మిషన్ ఎందుకు అక్కర్లేదో నేను నెల రోజులు చెప్పినా అర్థం కానిది ఆ పంతొమ్మిది అంకె చెప్పింది.

కొన్నది చిన్న మిషనే. పేరున్న కంపెనీది, సర్వీస్ హైదరాబాద్‌లోనే చేస్తామని కాగితం మీద రాసిచ్చిన దుకాణంలో. ఎం ప్రొఫైల్ దవడలు మూడు: 15, 22, 28. రెండు బ్యాటరీలు. వాటితో పాటు నేను పట్టుబట్టి కొనిపించినవి ఇంకో మూడున్నాయి. చక్రం ఉన్న పైపు కట్టరు, కోసిన అంచును నున్నగా గీకే డీబర్రింగ్ పనిముట్టు, లోతు గుర్తుపెట్టే మార్కరు. గ్రైండర్‌తో స్టీలు పైపు కోస్తే వేడికి అక్కడ స్టీలు గుణం పాడవుతుంది. అంచు గీకకపోతే దోపేటప్పుడు రబ్బరు ఉంగరం కోసుకుపోతుంది. పైపు పూర్తిగా లోపలికి పోయిందో లేదో మార్కరు గీతే చెబుతుంది. లక్ష రూపాయల మిషన్ ఉన్నా ఇరవై రూపాయల మార్కరు లేకపోతే జాయింటు మీద నమ్మకం లేదు. ఉంగరానికి నూనె, గ్రీజు పూయొద్దన్నది కూడా అన్నకు ముందే తెలుసు. ఆ నల్ల రబ్బరు ఈపీడీఎం, నూనె తగిలితే ఉబ్బుతుంది. దోపడం కష్టమైతే నీళ్లో సబ్బు నీళ్లో చాలు. గ్యాసు లైన్లకు, సోలార్ లైన్లకు ఆ రబ్బరే వేరు. అక్కడ నల్లదాన్ని పెట్టకూడదు.

ఒడిశాలోని కేంద్రపాడ జిల్లా పట్టాముండై గురించి వినే ఉంటారు. దేశంలో ఎక్కడికి పోయినా ప్లంబర్లు అక్కడివాళ్లే కనిపిస్తారు. వాళ్ల కోసం అక్కడ ప్లంబింగ్ విద్యాసంస్థ కూడా ఉంది. అన్న పనిచేసే సైటులోనూ సగం మంది వాళ్లే. మొదటి వారం అన్న చేతిలో సొంత మిషన్ చూసి వాళ్లలో ఒక పెద్దాయన దవడలు తెరిచి, మూసి, పిన్ను లాగి చూసి, దవడ లోపలి గాడిని వేలితో తడిమి, ‘రోజూ సాయంత్రం ఇక్కడ బ్రష్షుతో తుడువు’ అని ఒక్క మాట చెప్పి పోయాడట. గాడిలో ఇసుక, సిమెంటు పట్టుకుంటే నొక్కుడు సరిగ్గా పడదు. మాన్యువల్‌లో కూడా అదే రాసి ఉంది, పద్నాలుగో పేజీలో. అన్న మాన్యువల్ తెరవలేదు కానీ బ్రష్షు మాత్రం కొన్నాడు.

పోయిన ఆదివారం ఫోన్ చేస్తే మిషన్ లెక్క 2,316 చూపిస్తోందన్నాడు. బ్యాంకు కిస్తీలు నాలుగు కట్టారు. 35 దవడ అడిగే సైటు ఒకటి వచ్చిందట, శంషాబాద్ వైపు. కొందామా అని అడిగాడు. ఆ సైటులో 35వి ఎన్ని ఉన్నాయో ముందు డ్రాయింగ్‌లో లెక్కపెట్టి చెప్పమన్నాను. నలభై దాటితే కొంటాం. లేదంటే కాంట్రాక్టర్ దగ్గర కిరాయికి.